సందూకలో దొరికిన విమానం ఫోటోను చదవడం ఎలా?

దేవరకొండలోనో, వనపర్తిలోనో, నకిరేకల్‌లోనో పాత ఇల్లు విప్పుతున్నప్పుడు, అటక మీది ఇనుప సందూకలో పట్టా కాగితాలతో పాటు ఒక నలుపు-తెలుపు ఫోటో బయటపడుతుంది. అందులో షేర్వానీ తొడుక్కుని, రూమీ టోపీ పెట్టుకుని ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడు. ఆయన వెనక రెండింజన్ల విమానం, ముక్కు ఆకాశం వైపు ఎత్తుకుని, తోక నేలకు ఆనించుకుని ఉంటుంది. ఇంట్లో వాళ్లు దాన్ని 'తాత గాలిమోటరు ఎక్కిన నాటి ఫోటో' అంటారు. అది ఏ విమానం, ఎవరిది, ఏ యేడు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు గానీ, 'యుద్ధ విమానం' అనే మాట మాత్రం దాదాపు అందరి నోటా వస్తుంది.

ఆ మాటలో సగం నిజం, సగం పొరపాటు ఉన్నాయి. 1940ల రెండో సగంలో బేగంపేటలో దిగిన ప్రయాణికుల విమానాల్లో ఎక్కువ భాగం సైనికులను, సరుకును, మందుగుండును మోయడానికి తయారైనవే. అయితే అవి బాంబులు వేసినవి కావు, తుపాకులు పేల్చినవీ కావు, రవాణా విమానాలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వాటికి సీట్లు బిగించి, రంగు వేసి, కంపెనీ పేరు రాసి, మామూలు ప్రయాణికులకు టికెట్లు అమ్మారు. పటాలం లారీని వేలంలో కొని, దాని మీద బస్సు బాడీ కట్టించి ఊళ్ల మధ్య తిప్పినట్టే ఇదీ జరిగింది. అలా మార్చిన విమానం ఒంటి మీద పాత కొలువు తాలూకు గుర్తులు పూర్తిగా చెరిగిపోలేదు. ఫోటోలో మనం వెతకవలసింది ముఖ్యంగా ఆ గుర్తులనే.

ఫోటోను ముందు కాపాడుకోవాలి

ఫోటోను అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి. నల్ల కాగితపు ఆల్బంలో అతికించి ఉంటే ఊడబీకకూడదు. ఆ పుట మొత్తాన్ని అలాగే స్కాన్ చేయాలి. తడి గుడ్డతో తుడిస్తే బొమ్మ పొర లేచిపోతుంది కాబట్టి, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు. స్కానింగ్ కనీసం 600 డీపీఐలో, అరచేతిలో పట్టేంత చిన్న ఫోటో అయితే 1200లో చేయించాలి. వెనకవైపు ఖాళీగా కనిపించినా దాన్ని కూడా స్కాన్ చేయాలి. స్టూడియో వాళ్లు సిరా లేకుండా ఒత్తిన ముద్ర ఉంటే అది ఎదురు వెలుతురులో కనబడదు. గది చీకటి చేసి, టార్చిని పక్క నుంచి, దాదాపు కాగితానికి సమాంతరంగా పట్టినప్పుడు అక్షరాలు పైకి తేలుతాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా మేనమామ సందూకలో దొరికిన ఇటువంటి ఫోటో వెనక, ఎవరో చెప్పగా విని, 'యుద్ధ విమానం, 1944' అని బాల్‌పెన్నుతో నొక్కి రాశాను. రెండేళ్ల తర్వాత పెద్ద స్కాన్‌లో తోక దగ్గర పౌర విమానాలకు మాత్రమే ఇచ్చే అక్షరాలు, కిటికీల పైన దక్కన్ ఎయిర్‌వేస్ అనే విమాన కంపెనీ పేరులోని సగం కనిపించాయి. ఆ సంస్థ 1944లో లేనే లేదు. సిరా గీతలు ఎలాగూ పోవు. పైగా ఫోటోను కొంచెం వంచి చూస్తే, తాత తల పైన ఉన్న ఆకాశంలో నా రెండు నాలుగుల గాట్లు ఇప్పటికీ తిరగబడి కనిపిస్తాయి. రాయవలసి వస్తే మెత్తని పెన్సిల్‌తో రాయండి. అంతకన్నా మంచిది, ఫోటోను కవరులో పెట్టి, పెట్టకముందే ఆ కవరు మీద రాయండి.

మరొక చిన్న పరీక్ష ఉంది. వినడానికి నవ్వొచ్చినా చేయక తప్పదు. జాతరల్లో వెలిసే ఫోటో దుకాణాల్లో గుడ్డ మీద గీసిన విమానం ముందో, అట్టతో కోసిన విమానంలోనో కూర్చోబెట్టి ఫోటో తీసేవారు. రెక్క నీడ నేల మీద పడిందా, చక్రం కింద మట్టి నలిగిందా, మనిషి నీడ పడిన దిక్కుకే విమానం నీడ కూడా పడిందా అన్నవి చూస్తే నిజమైనదేదో తెలిసిపోతుంది.

అది డకోటాయేనా

మన దగ్గర పాతకాలపు విమానం ఏది కనిపించినా డకోటా అనడం అలవాటైంది. కదిలితే కిర్రుమనే బస్సును కూడా డకోటా బండి అన్న రోజులున్నాయి. అసలు డకోటా అన్నది అమెరికాలోని డగ్లస్ కంపెనీ వారి డీసీ-3 రకానికి బ్రిటిష్ వైమానిక దళం పెట్టుకున్న పేరు. డీసీ-3 తొలిసారి 1935 డిసెంబరు 17న ఎగిరింది. యుద్ధం వచ్చాక దాని సైనిక రూపం సీ-47ను, ఆ కుటుంబంలోని మిగతా సైనిక రకాలతో కలిపి 10,000కు పైగా తయారు చేశారు. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాలోని కున్‌మింగ్‌కు సరుకు చేరవేసిన విమానాల్లో ఇవి కూడా ఉన్నాయి. అందువల్లనే యుద్ధం ముగిసే నాటికి మన దేశంలో ఇవి పెద్ద సంఖ్యలో మిగిలిపోయాయి, కొత్తగా పుట్టిన విమాన కంపెనీలకు చవకగా దొరికాయి.

డకోటాను గుర్తించడానికి దాని నిలబడే తీరు నుంచి మొదలుపెట్టండి. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం ఉంటాయి కాబట్టి, నేల మీద ఉన్నప్పుడు ఒళ్లంతా వెనక్కి వాలి ఉంటుంది. తోక మీద నిలువుగా ఒకే రెక్క, గుండ్రని కొనతో ఉంటుంది. ఇంజన్లు రెండు, ఒక్కోదానికి ప్రొపెల్లర్ ఆకులు మూడు. పక్క నుంచి తెలియదు గానీ, పై నుంచి లేదా కింద నుంచి తీసిన ఫోటో అయితే రెక్కల ముందు అంచు కొసల వైపు పోతున్నకొద్దీ వెనక్కి వాలడం, వెనక అంచు మాత్రం ఇంచుమించు తిన్నగా ఉండడం కనిపిస్తుంది. గాలిలో ఉన్నప్పుడు చక్రాలు పూర్తిగా లోపలికి పోవు. ఇంజన్ గూళ్ల కింద సగం బయటికే కనిపిస్తాయి. రెక్కల ఒక కొస నుంచి మరో కొసకు సుమారు 95 అడుగులు, ముక్కు నుంచి తోకకు సుమారు 64 అడుగులు ఉంటుంది కనుక, పక్కన మనుషులు నిలబడి ఉంటే వాళ్ల ఎత్తుతో పోల్చి చూడవచ్చు.

పొరపాటు పడడానికి అవకాశమున్న విమానాలు కొన్ని ఉన్నాయి. విక్కర్స్ వైకింగ్ కూడా రెండింజన్లదే, తోకచక్రం ఉన్నదే. వెల్లింగ్టన్ అనే బాంబర్ నమూనా నుంచి పుట్టిన ప్రయాణికుల విమానం. దాని ఒళ్లు పొట్టిగా, లావుగా ఉంటుంది, ప్రొపెల్లర్‌కు నాలుగు ఆకులుంటాయి. తోక మీద నిలువు రెక్కలు రెండుండి, విమానం చిన్నదైతే అది బీచ్‌క్రాఫ్ట్ కావచ్చు. నాలుగు ఇంజన్లు ఉండి, ముక్కు కింద చక్రంతో నేలకు సమంగా నిలబడితే అది డీసీ-4 స్కైమాస్టర్. అది కూడా సైన్యపు కొలువు చేసి వచ్చిన జాతే. రెక్కలు ఒంటికి పైభాగాన ఉంటే 1960ల నాటి ఫాకర్ ఫ్రెండ్‌షిప్. రెక్కలు కిందనే ఉండి, ముక్కు కింద చక్రం, రెక్క మీద కూర్చున్నట్టుండే ఇంజన్ ఉంటే కాన్పూరులో తయారై 1961లో తొలిసారి ఎగిరిన ఆవ్రో. ఈ చివరి రెండింటిలో ఏది కనిపించినా, ఫోటో నిజాం కాలం నాటిదన్న మాటను అక్కడితో పక్కన పెట్టవచ్చు.

నాలుగు ఇంజన్లు, తోకచక్రం, తోక మీద రెండు నిలువు రెక్కలు ఉన్న పొడవాటి విమానం కనిపిస్తే మాత్రం ఆగి చూడండి. లాంకాస్టర్ బాంబర్‌ను ప్రయాణికుల కోసం మార్చిన లాంకాస్ట్రియన్‌కు ఈ పోలికలుంటాయి. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి హైదరాబాద్ సంస్థానానికి రహస్యంగా ఆయుధాలు చేరవేసింది ఈ రకం విమానాల్లోనే. అవి బీదర్, వరంగల్ మైదానాల్లో కూడా దిగాయి. అటువంటి ఫోటో సామాన్యుల ఇళ్లలో దొరకడం చాలా అరుదు. దొరికిందని అనిపిస్తే ఎవరికైనా చెప్పే ముందు నాలుగు ఇంజన్లనూ మరొకసారి లెక్కపెట్టండి.

తలుపు దగ్గర ఎక్కువ సేపు ఆగండి

డకోటా అని తేలాక, అది మొదటి నుంచీ ప్రయాణికుల కోసం తయారైన డీసీ-3యా, సైన్యం నుంచి వచ్చిన సీ-47యా అన్నది తేల్చాలి. ఇందుకు నేను అన్నిటికన్నా నమ్మేది తలుపును. ప్రయాణికుల విమానానికి మనిషి పట్టేంత మామూలు తలుపు చాలు. సీ-47కు ఎడమవైపు, రెక్క వెనక, జీపును లోపలికి ఎక్కించగలిగేంత వెడల్పున జంట తలుపు పెట్టారు. సరుకు బరువుకు కుంగిపోకుండా లోపలి నేలను కూడా గట్టిపరిచారు. కంపెనీలు వీటిని కొన్నాక సీట్లు వేశాయి, శబ్దం తగ్గడానికి గోడలకు లోపలి పొర వేశాయి, తెరలు కట్టాయి. కానీ జంట తలుపును చాలాసార్లు అలాగే ఉంచేశాయి, లేదా అందులో కొంత భాగాన్ని మూసేసి మనిషి ఎక్కేంత మేర మాత్రమే తెరిచేలా చేశాయి.

అందుకే స్కాన్‌ను కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి, వెనక భాగంలోని కిటికీ చుట్టూ గీతలను వెతకండి. మా మేనమామ ఫోటోలో ఇది ఇలా కనిపించింది: నిచ్చెన ఆనించిన చిన్న తలుపు తెరిచి ఉంది, దాని పక్కనే, చివరి కిటికీని చుట్టుకుంటూ, రివెట్ల వరసకు సంబంధం లేని ఒక సన్నని నల్లగీత నిలువుగా దిగి, కింద మూల దగ్గర మలుపు తిరిగింది. ఆ మలుపు పక్కన, ఒంటి రంగు మీద చిన్నగా పొడుచుకొచ్చిన తలుపు కబ్జాలు (బందులు) కనిపించాయి. అంటే మెట్లెక్కి వెళ్లే ప్రయాణికుడు, ఒకప్పుడు జీపు ఎక్కిన ద్వారంలోని ఒక మూల నుంచే లోపలికి పోతున్నాడన్న మాట. భూతద్దంతో ఎన్నిసార్లు చూసినా దొరకని ఈ గీత, స్కాన్‌లో వెలుతురు-చీకటి తేడాను కొంచెం పెంచగానే దొరికింది.

తలుపు తర్వాత కిటికీలు. సీ-47 కిటికీ అద్దాల నడుమ గుండ్రని చిన్న రంధ్రం, దానికి మూత ఉండేవి. అవసరమైతే లోపలి సైనికుడు తుపాకి గొట్టాన్ని అందులోంచి బయటికి పెట్టడానికి. అద్దాలు మార్చని విమానమైతే ఫోటోలో కిటికీ మధ్య చుక్కలా అది కనిపిస్తుంది. కాక్‌పిట్ వెనక, పైకప్పు మీద, నక్షత్రాలను చూసి దారి లెక్కకట్టడానికి గాజు బుడగ ఒకటి ఉండేది. దాన్ని తీసేసి రేకు కొట్టినా, ఆ చోట గుండ్రని అతుకు మిగులుతుంది. తోక చివర కోసుగా కాక మొద్దుగా తెగినట్టుంటే అది కూడా సీ-47కు సాక్ష్యమే, ఎందుకంటే ఇంజన్ లేని గ్లైడర్లను లాగే తాడు కొక్కేన్ని అక్కడ బిగించేవారు. ఇవన్నీ ఒకే ఫోటోలో దొరకవు. తలుపు ఒక్కటి స్పష్టంగా దొరికినా నేను ఒప్పుకుంటాను. మొద్దు తోక ఒక్కటే దొరికితే మాత్రం అనుమానం ఉంచుకుంటాను.

ఒక హెచ్చరిక. పెద్ద తలుపు విమానానికి కుడివైపు కనిపిస్తే, కొత్త రకమేదో దొరికిందని సంబరపడకండి. నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేసినప్పుడు కుడి ఎడమలు మారిపోతాయి. ముందు మనుషులను చూడండి: మగవారి చొక్కా జేబు ఏ వైపు ఉంది, చీర కట్టిన ఆడవారి పైట ఏ భుజం మీద ఉంది. విమానం మీద అక్షరాలుంటే అవి తిరగబడి ఉన్నాయా అన్నది సూటిగానే తెలిసిపోతుంది.

అక్షరాలు, పేర్లు

మన దేశపు పౌర విమానాలకు వీటీ అనే రెండక్షరాలు, చిన్న గీత, ఆ తర్వాత మూడు అక్షరాలు ఉంటాయి. ఇవి ఒంటి మీద వెనక భాగంలోను, రెక్కల మీద పెద్దవిగాను రాసి ఉంటాయి. మూడక్షరాల్లో రెండే కనిపించినా వాటిని రాసి పెట్టుకోండి. ప్రతి విమానానికీ తయారైనప్పుడు కంపెనీ ఇచ్చిన సంఖ్య ఒకటుంటుంది. వీటీ అక్షరాల నుంచి ఆ సంఖ్యకు, ఆ సంఖ్య నుంచి యుద్ధకాలపు సైనిక సంఖ్యకు దారి దొరుకుతుంది. తాత ఎక్కిన విమానం అంతకు ముందు ఏ దళంలో పనిచేసిందన్నది చాలాసార్లు ఈ దారినే తెలుస్తుంది.

వీటీ అక్షరాలు లేకుండా తోక మీద అంకెలు మాత్రమే ఉంటే అది ఇంకా సైన్యంలో ఉన్నప్పటి ఫోటో. అమెరికా వారి సంఖ్యలో మొదటి రెండంకెలు విమానానికి ఆర్డరు ఇచ్చిన ఆర్థిక సంవత్సరాన్ని చెబుతాయి. తోక మీద రాసేటప్పుడు అందులో మొదటి అంకెను వదిలేసేవారు. కాబట్టి 43తో మొదలయ్యే సంఖ్య తోక మీద 3తో మొదలవుతుంది. అది ఫోటో తీసిన యేడు కాదు, విమానం కట్టిన యేడు కూడా కానక్కరలేదు. రెండు అక్షరాలు, మూడు అంకెలు ఉంటే, ఉదాహరణకు కేజీ లేదా ఎఫ్‌డీతో మొదలైతే, అది బ్రిటిష్ వైమానిక దళపు డకోటా.

కాలం తేల్చడానికి కంపెనీ పేరు బాగా పనికొస్తుంది. దక్కన్ ఎయిర్‌వేస్ 1945లో, నిజాం స్టేట్ రైల్వే, టాటాలు కలిసి బేగంపేట కేంద్రంగా స్థాపించిన సంస్థ. 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది కూడా ఆ రైల్వేయే; రైలు, బస్సు, విమానం మూడింటిలోనూ ఒకే యాజమాన్యం చెయ్యి ఉండడం ఆ రోజుల్లో మన సంస్థానపు ప్రత్యేకత. టాటా ఎయిర్‌లైన్స్ అన్న పేరు ఉంటే ఫోటో 1946 జూలై చివరికి ముందుది, ఎందుకంటే ఆ నెల 29న ఆ సంస్థ ఎయిర్ ఇండియా అయింది. 1953లో వచ్చిన చట్టంతో దక్కన్ ఎయిర్‌వేస్, భారత్ ఎయిర్‌వేస్, హిమాలయన్ ఏవియేషన్, కళింగ వంటి ఎనిమిది కంపెనీలు ప్రభుత్వ పరమయ్యాయి. దేశంలోపలి సర్వీసులు ఆగస్టు 1 నుంచి ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ పేరిట నడిచాయి. ఆ కార్పొరేషన్ చేతికి మొదట వచ్చిన 99 విమానాల్లో 74 డకోటాలే. అంటే అదే విమానం, అదే వీటీ అక్షరాలతో, జూలైలో ఒక కంపెనీది, ఆగస్టులో మరొకదానిది. అందుచేత వీటీ అక్షరాలు విమానమేదో చెబుతాయి గానీ తేదీ చెప్పవు. పేరు తేదీకి హద్దు చెబుతుంది. రెండూ కలిపి చదవాలి.

పైలట్ దుస్తుల్లో స్త్రీ కనిపిస్తే 'ఎయిర్ హోస్టెస్' అని రాసేయడం కూడా తరచుగా జరిగే పొరపాటు. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్‌ను అనేక కంపెనీలు తిరస్కరించగా, ఉద్యోగం ఇచ్చింది దక్కన్ ఎయిర్‌వేసే. మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ హైదరాబాద్ కంపెనీ డకోటాలు నడిపారు. భుజం మీది పట్టీలను, ఛాతీ మీది రెక్కల బిళ్లను చూసి మాట్లాడండి.

ఫోటో పక్కనున్న కాగితాలు

సందూకలో ఫోటో ఒంటరిగా ఉండదు. టికెట్టు ముక్క, సామాను చీటీ, విమాన టపాలో వచ్చిన కవరు ఉండవచ్చు; వాటిని వేరు చేయకండి. తేదీ ఫసలీలో, అంటే నిజాం కాలపు సర్కారీ లెక్కల సంవత్సరంలో, ఉంటే బెదరనక్కరలేదు. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే; అది ఫసలీ 1364. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజర్ నెలతో మొదలయ్యేది కనుక, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఫసలీకి 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ 1356 అని ఉంటే, ఖుర్దాద్ ఏడో నెల కాబట్టి సుమారు 1947 ఏప్రిల్. చేతిరాత ఉర్దూ చదవడానికి మీ ఊళ్లోనే ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దలు ఇంకా ఉంటే, జాగు చేయకుండా వాళ్లను కలవండి.

ఛార్జీ రాసి ఉంటే అది హాలీ సిక్కాయా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) అన్నది కూడా చూడాలి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. 70 హాలీ అంటే 60 కల్దారు. ఈ తేడా పట్టించుకోకుండా ఒక టికెట్టు కన్నా మరొకటి ఖరీదని రాసుకున్న వాళ్లను చూశాను.

పత్రికా ప్రకటనలు కావాలనుకుంటే, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో ప్రారంభించిన గోలకొండ పత్రిక పాత సంచికలు, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ చూడదగినవి. వెళ్లే ముందు మీ దగ్గరున్న తేదీని రెండు మూడు నెలల మేరకు కుదించుకోండి. లేకపోతే రోజులు గడిచిపోతాయి.

పెద్దలను అడిగే తీరు

'అది డకోటాయేనా తాతా?' అని అడిగితే, మీ మనసు నొప్పించడం ఎందుకని 'ఔను బిడ్డా' అంటారు. అలా అడగకూడదు. జవాబు ప్రశ్నలో లేని ప్రశ్నలు వేయాలి. 'లోపలికి ఎక్కంగనే ఎటు దిక్కు నడిచిన్రు? నేల ఎట్లున్నది?' అని ఒక పెద్దాయనను అడిగినప్పుడు, ఆయన కుర్చీలోంచి లేచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, రెండడుగులు వంగి నడిచి చూపించాడు. 'గుట్ట ఎక్కినట్టే ఉండె' అన్నాడు. తోక నేలకు ఆని ఉండే విమానంలో వెనక తలుపు నుంచి ముందు సీటుకు పోవడం సరిగ్గా అలాగే ఉంటుంది. ఆయనకు విమానం పేరు గుర్తు లేదు. నాకు ఆ నడక చాలు.

చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇచ్చారా, చప్పరించడానికి పిప్పరమెంట్లు ఇచ్చారా అన్నవి కూడా అడగండి. లోపలి గాలి ఒత్తిడిని అదుపులో ఉంచే ఏర్పాటు డకోటాకు లేదు. కూర్చున్నది ముందుకు చూసేలా సీట్లలోనా, గోడకు వీపు ఆనించి ఒకరికొకరు ఎదురెదురుగా బల్లల మీదా అన్నది మరీ ముఖ్యం. ఎదురెదురుగా అంటే అది మార్చని సైనిక విమానం. ఆయన పటాలంలో పనిచేశాడేమో విచారించాలి. ప్రయాణం ఎంతసేపు అన్నదానికి లెక్క ఉంది: డకోటా గంటకు సుమారు 160 మైళ్ల వేగంతో పోయేది కాబట్టి, హైదరాబాద్ నుంచి మద్రాసుకు ఆగకుండా పోతే సుమారు రెండు గంటలు. ముప్పావు గంట అని చెబితే జ్ఞాపకం తర్వాతి జెట్ ప్రయాణంతో కలిసిపోయిందన్న మాట.

విమానం ఎక్కని వాళ్ల జ్ఞాపకాలకు పటం కావాలి. బేగంపేట నుంచి మద్రాసుకు స్కేలుతో గీత గీస్తే, అది దేవరకొండకు కొంచెం పడమరగా, నల్లమల మీదుగా పోతుంది. బెంగళూరు గీత జడ్చర్ల, కల్వకుర్తిల మధ్యగా, వనపర్తికి తూర్పుగా పోతుంది. 1949లో రాత్రి విమాన టపా మొదలై, ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయలుదేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకుని సంచులు మార్చుకునేవి. మద్రాసు నుంచి నాగపూర్‌కు నేరుగా గీసిన గీత సూర్యాపేట మీదుగానే పోతుంది. పైలట్లు స్కేలు పట్టుకుని ఎగరరు, దారిలో హైదరాబాద్‌లో ఆగితే గీత మారిపోతుంది. అయినా 'రాత్రిపూట ఎర్రదీపం పోయేది' అన్న మాట ఏ ఊరి నుంచి వచ్చిందో పటం మీద చుక్క పెట్టి చూడడం వృథా కాదు.

సూర్యాపేట, కోదాడ వైపు ఒక చిక్కు ఉంది. 1948 సెప్టెంబరు 13 నుంచి జరిగిన పోలీసు చర్యలో బెజవాడ వైపు నుంచి సైన్యం ఆ దారినే వచ్చింది, ఆ రోజుల్లో భారత వైమానిక దళపు టెంపెస్ట్ విమానాలు కూడా ఎగిరాయి. 'చెట్టు మీది నుంచే పోయింది, పరుగెత్తి వాగులో పడుకున్నం' అన్న జ్ఞాపకం ప్రయాణికుల విమానానిది కాదు. టెంపెస్ట్‌కు ముక్కు దగ్గర ఒకే ఇంజన్. డకోటాకు రెక్కల మీద రెండు.

చివరికి రాయవలసింది

చూసినది, విన్నది, ఊహించినది వేరువేరుగా రాయాలి. విమానం పక్కన నిలబడినంత మాత్రాన దాంట్లో ప్రయాణం చేసినట్టు కాదు. సాగనంపడానికి వెళ్లి ఫోటో దిగిన వాళ్లూ ఉంటారు. మా మేనమామ సందూకలోని ఫోటోను ఇప్పుడు పెట్టిన కవరు మీద పెన్సిల్‌తో ఇలా రాసి ఉంది:

'డకోటా. వెనక జంట తలుపు గీత కనిపిస్తుంది కనుక సైన్యం నుంచి మార్చిన సీ-47. కిటికీల పైన దక్కన్ ఎయిర్‌వేస్ పేరులో సగం. కాబట్టి 1945 లేదా ఆ తర్వాత, 1953 ఆగస్టుకు ముందు. వీటీ తర్వాత మొదటి అక్షరం ఏ, మిగతా రెండు నిచ్చెన చాటున ఉన్నాయి. స్థలం బేగంపేట అని అత్తమ్మ చెప్పింది, ఫోటోలో ఆధారం లేదు. తాత ఎక్కాడో లేదో తెలియదు. ఫోటో వెనక ఉన్న 1944 నేను రాసిన తప్పు.'